మేడ మీద జిమ్, కింద ఆగిపోయిన వీల్‌చెయిర్

ప్రశ్న: అక్కా, నాకు 34 ఏళ్లు. గుంటూరులో తొమ్మిదేళ్లుగా జిమ్ ట్రైనర్‌గా చేస్తున్నాను. మా తమ్ముడికి 26 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్. వాణ్ని నేను పనిచేసే జిమ్‌కి తీసుకెళ్తే నాలుగో రోజే ఓనరు పిలిచి, మిగతా మెంబర్లు ఇబ్బంది పడుతున్నారు, రేపట్నుంచి తీసుకురావద్దు అన్నారు. అప్పట్నుంచి మా ఇంటి మేడ మీదే వ్యాయామం చేయిస్తున్నాను. ఏడాదిలో ఎనిమిది కిలోలు తగ్గాడు. చెప్పులు తనే వంగి తొడుక్కుంటున్నాడు. అది చూసి ఇంకో ఆరు కుటుంబాలు పిల్లల్ని పంపుతున్నాయి. మొన్న ఒకావిడ వీల్‌చెయిర్‌లో ఉన్న కూతుర్ని తీసుకొచ్చి, మెట్లు చూసి, కిందనుంచే వెళ్లిపోయింది. మా సంఘకాపరిగారు ఇది దేవుడు నాకిచ్చిన దర్శనం అంటున్నారు. బైబిల్లో రోగులు నయమవ్వాలని దిగే కోనేటి పేరు మీద ‘బేతెస్ద ఫిట్‌నెస్’ అని, ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగిసే జిమ్ పెట్టాలనుకుంటున్నాను. 15 లక్షలు దాచాను. అద్దె, ఇద్దరు ట్రైనర్లు, ఒక ఆయా, కరెంటు కలిపి నెలకు లక్ష అవుతుంది. 60 మంది చేరితే తలా 2,500 చొప్పున లక్షన్నర వస్తుంది. సంఘంలోని ఐదు కుటుంబాలు విజయవాడ, తెనాలి, ఏలూరు, రాజమండ్రి, ఒంగోలుల్లో ఫ్రాంచైజీ తీసుకుంటామని తలా 6 లక్షలు ఇస్తామంటున్నాయి. వాళ్ల సెంటర్లు తెరిచేదాకా ఒక్కొక్కరికి నెలకు 12 వేలు ఇస్తానని చెబుదామనుకుంటున్నాను. అమెరికాలో ఉన్న మేనమామ కూడా డబ్బు పంపుతానంటున్నారు. ట్రైనర్లుగా విశ్వాసుల్నే పెట్టుకోవాలని ఉంది. ముందుకు వెళ్లమంటారా?
— ఒక సోదరుడు, గుంటూరు

సమాధానం: తమ్ముడూ, జిమ్ పెట్టండి. ఫ్రాంచైజీలు మాత్రం ఇప్పుడు ఇవ్వకండి. ఆ ఐదు కుటుంబాల దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకండి. ఈ సమాధానం మీ చేతికి అందేలోపు ఎవరికైనా రసీదు రాసి ఉంటారేమోనని భయంగా ఉంది, అందుకే ముందే చెప్పేస్తున్నాను. తీసుకుని ఉంటే ఈ వారంలోనే తిరిగి ఇచ్చేయండి.

ఇక నెమ్మదిగా మాట్లాడుకుందాం. నా ఎడమ కాలికి రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. తొమ్మిదో ఏట మా అమ్మ నన్ను ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్లింది. స్టేజీ ఎక్కించి, కాలికి ఊతంగా కట్టుకునే కాలిపర్ విప్పించి, నడవమన్నారు. రెండడుగులు వేసి పడ్డాను. పడినందుకు నొప్పి గుర్తు లేదు. మైకులో, ఈ బిడ్డకు, ఈ తల్లికి ఇంకా విశ్వాసం చాలలేదు అన్న మాట మాత్రం గుర్తుంది. ఇంటికొచ్చే బస్సులో అమ్మ నాతో మాట్లాడలేదు. తను చేసిన పాపమేంటో వెతుక్కుంటూ కూర్చుందని పెద్దయ్యాక తెలిసింది. తర్వాత రెండేళ్లకి ఒక మిషన్ ఆసుపత్రిలో ఒక నర్సమ్మ మోకాళ్ల మీద కూర్చుని, రోజూ ముప్పావుగంట నా కాలు పట్టుకుని చంకకర్రలతో మెట్లెక్కడం నేర్పింది. ఆవిడ మెడలోనూ సిలువే ఉంది. నా కోసం ప్రార్థన చేసేదో లేదో నాకు తెలియదు. చేతులు మాత్రం ఎప్పుడూ తొందరపడలేదు.

మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు ఆ ఇద్దరే గుర్తొచ్చారు. మైకు పట్టుకున్నాయన, మోకాళ్ల మీద కూర్చున్నావిడ. మీ జిమ్ ఎవరి వైపు ఉంటుందో మీరు ఇప్పుడే తేల్చుకోవాలి.

భక్తిని పనిలోకి తేవద్దని నేననను. మన దక్షిణాదిలో వికలాంగుల పునరావాస సేవకు దారి వేసినవాళ్లలో భక్తితో పనిచేసినవాళ్లు చాలామంది ఉన్నారు. మన చిత్తూరు పక్కనే ఉన్న వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రిలో డాక్టర్ మేరీ వర్గీస్ అని ఉండేవారు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. వీల్‌చెయిర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తర్వాత న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం చదివి వచ్చారు. 1966లో వెల్లూరులో రోగుల్ని ఉంచుకుని తర్ఫీదు ఇచ్చే పునరావాస కేంద్రం వెలిసింది. దేశంలో అటువంటిది అదే మొదటిదని చెబుతారు. అక్కడికి ఏ మతంవాళ్లయినా వెళ్తారు, రాయలసీమ నుంచి ఈనాటికీ వెళ్తూనే ఉన్నారు.

కాబట్టి ప్రార్థన గురించి నా సలహా ఇది. ప్రార్థన పెట్టుకోండి, వ్యాయామం గంటలో మాత్రం కాదు. ఆరు గంటల బ్యాచి ఉంటే అయిదు ముప్పావుకి పెట్టుకోండి. రావాలనుకున్నవాళ్లు వస్తారు, ఆరింటికి వచ్చినవాళ్లని ఎందుకు రాలేదని ఎవరూ అడగకూడదు. మీ ఊళ్లో, చుట్టుపక్కల ఎన్ని రకాల ఇళ్లు ఉన్నాయో మీకు తెలుసు. బుర్కా వేసుకున్న తల్లి, శివమాల వేసుకున్న తండ్రి మీ గుమ్మం దగ్గర తమ బిడ్డని వదిలి నిశ్చింతగా వెళ్లగలగాలి. మాటలు సరిగ్గా రాని కుర్రాడు తలూపాడు గనుక ఒప్పుకున్నాడని అనుకోవద్దు. మీ తమ్ముడిలాంటి వాళ్లు మనల్ని సంతోషపెట్టడానికి దేనికైనా తలూపుతారు, ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

ఇంకో మాట. మీ తమ్ముడు ఎనిమిది కిలోలు తగ్గింది వ్యాయామంతో, మీ ఓపికతో. దాన్ని ఆదివారం ఆరాధనలో తెర మీద అద్భుతంగా చూపించకండి. ఒకరి శరీరాన్ని సాక్ష్యంగా చూపాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. ‘నయమవుతుంది’ అనే మాట కరపత్రంలో అస్సలు వద్దు. పక్షవాతం, మూర్ఛ, అంధత్వం, చెవుడు వంటివి ఫలానా మహిమతో నయమవుతాయని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచి, మా అమ్మ గురించి ఆలోచించండి. యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాణ్ని చూసి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడుగుతారు. వాడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదు అన్నది అక్కడ వచ్చిన జవాబు. మీ గోడ మీద ఒక్క వాక్యమే రాయించాలనుకుంటే అది రాయించండి. దాన్ని చదివే తల్లుల్లో చాలామందికి ఆ మాట ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు.

ట్రైనర్లు విశ్వాసులే కావాలా అన్నారు. చేతులు తెలిసినవాళ్లు కావాలి. ఎందుకంటే మామూలు జిమ్‌లో తొమ్మిదేళ్లు నేర్చుకున్నది ఇక్కడ కొన్నిచోట్ల ప్రమాదం. మీ ఇంట్లోంచే మొదలుపెడతాను. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో కొందరికి మెడ దగ్గర మొదటి రెండు వెన్నుపూసల మధ్య కీలు వదులుగా ఉంటుంది. పల్టీలు కొట్టించడం, మెడ మీద బరువు పడే వ్యాయామాలు చేయిస్తే వెన్నుపాము దెబ్బతినవచ్చు. పుట్టుకతో గుండె లోపాలు కూడా వాళ్లలో ఎక్కువ. మీ తమ్ముడికి మెడ పరీక్ష, గుండె ఎకో చేయించారా? లేకపోతే రేపే చేయించండి. కొత్తగా నడక తడబడినా, మూత్రం అదుపు తప్పినా, మెడ నొప్పి అన్నా వ్యాయామం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

వెన్నుపాము ఛాతీ మధ్యభాగం పైన దెబ్బతిన్నవాళ్లకి మూత్రసంచి నిండినా, మూత్రం పైపు మెలిపడినా బీపీ ఒక్కసారిగా పెరిగిపోతుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖమంతా చెమట. అది వ్యాయామం వల్ల వచ్చిన చెమట అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, పైపు చూసి, వెంటనే డాక్టర్‌ని పిలవాలి. ఈ ఒక్క సంగతి తెలియని ట్రైనర్‌ని, ఎంత భక్తిపరుడైనా, మీ జిమ్‌లో పెట్టుకోవద్దు.

మాలాంటి పోలియో వాళ్ల సంగతి కూడా చెప్పనివ్వండి. మన దేశంలో సహజంగా వ్యాపించే పోలియో వైరస్‌తో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది గనుక కొత్త తరానికి మేం కనిపించం. కానీ నలభై దాటినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. పోలియో వచ్చిపోయిన 15 నుంచి 40 ఏళ్ల తర్వాత మళ్లీ కండరాలు నీరసించడం మాలో చాలామందికి మొదలవుతుంది. మాకు ‘ఇంకొక్కటి, ఇంకొక్కటి’ అని రెట్టించి చేయిస్తే బలం రాదు, ఉన్న బలం పోతుంది. మర్నాడు పొద్దున కూడా అలసట తీరలేదంటే నిన్నటిది ఎక్కువైందని లెక్క. మీరు తొమ్మిదేళ్లుగా అరుస్తూ వచ్చిన ఉత్సాహపు కేకలన్నీ మా బ్యాచిలో మానేయాలి.

చూపులేనివాళ్లు వచ్చే గదిలో డంబెల్స్ రాక్ ఒక అడుగు కూడా జరపకూడదు. వినపడనివాళ్లకి వెనకనుంచి చెప్పకూడదు. వీల్‌చెయిర్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు, అది వాళ్ల ఒంట్లో భాగం. మీరు పెట్టుకున్న పేరులోనే ఈ పాఠం ఉంది. 38 ఏళ్లుగా జబ్బుతో ఉండి బేతెస్ద కోనేటి దగ్గర పడి ఉన్న మనిషిని యేసు ముందు అడిగాడు, బాగుపడాలని ఉందా అని. అడిగాకే ఏదైనా జరిగింది. మీరూ ప్రతి మనిషినీ నీకేం కావాలి అని అడగండి. ఒకరికి బరువు తగ్గాలని ఉంటుంది, ఒకరికి మంచం మీంచి కుర్చీలోకి తనంతట తాను మారాలని ఉంటుంది, ఇంకొకరికి ఊరికే నలుగురిలో గంటసేపు కూర్చోవాలని ఉంటుంది. మూడూ సరైనవే.

బోర్డు మీద ‘థెరపీ’ అనే మాట రాయకండి. ఫిజియోథెరపీ చదివినవాళ్లు చేసే పని అది. పునరావాస వృత్తుల్లో చాలావాటికి 1992 చట్టం కింద భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి. మీరు వ్యాయామం చేయిస్తున్నారు, అది చిన్న పనేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వికలాంగులైన పెద్దవాళ్లు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒంటికి పని చెప్పాలని రాసింది. ఒక ఫిజియోథెరపిస్టుని వారానికి రెండు రోజులు రప్పించుకోండి. చేరేటప్పుడు డాక్టర్ దగ్గర నుంచి కాగితం తెప్పించుకోండి. వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉందా లేదా అన్నది మీకు అక్కర్లేదు. సదరం శిబిరాల చుట్టూ తిరిగి విసిగిపోయినవాళ్లని మీ గుమ్మం దగ్గర కూడా ఆ కాగితం అడగడం బాగుండదు.

చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాల్సిన మాట ఒకటుంది. మాటలు రాని ఆడపిల్ల, ముట్టుకుని నేర్పే పని, ‘బ్రదర్’ అని పిలిపించుకునే మనిషి. ఈ మూడూ ఒకచోట కలిసినప్పుడు ఎవరూ అనుమానించరు, అందుకే అక్కడ చాలా జాగ్రత్త కావాలి. ఎవరితోనూ తలుపు వేసిన గదిలో ఒక్కరు ఉండకూడదు, మీతో సహా. ఆడపిల్లలకి ఆడ ట్రైనర్. పోలీసు వెరిఫికేషన్ లేకుండా ఎవరినీ పెట్టుకోవద్దు, సంఘకాపరిగారి అబ్బాయి అయినా సరే. ఏదైనా జరిగిందని తెలిస్తే, బాధితులు 18 ఏళ్లలోపు వాళ్లయితే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పడం మీ బాధ్యత. సంఘం పరువు కోసం లోపల సర్దుబాటు చేసుకుంటే అది కూడా నేరమే.

ఇప్పుడు డబ్బు. 60 మంది అన్నారు. ఒక ట్రైనర్ గంటకు ఇద్దరిని మించి చూడలేడు, రోజుకు ఆరు గంటలకు మించి ఆ పని చేయలేడు. ఇద్దరు ట్రైనర్లకి రోజుకు 24, నెలకు పాతిక రోజులకి 600. ఒక్కొక్కరు వారానికి మూడుసార్లు వస్తే నెలకు 12. అంటే గది నిండుగా ఉన్నా 50 మందికి మించి పట్టరు. మొదటి ఏడాది 30 మంది వచ్చారనుకోండి, 75 వేలు. నెలకు పాతిక వేలు లోటు, ఏడాదికి 3 లక్షలు. ర్యాంపు, బాత్రూము, సామాను, అడ్వాన్సు పోను మీ 15 లక్షల్లో ఇది భరించగల లోటే. అప్పు లేకుండా నిలబడగలరు.

ఐదు కుటుంబాలకి నెలకు 12 వేలు కలిపితే? అది 60 వేలు. లోటు 85 వేలు అయింది. వాళ్లిచ్చిన 30 లక్షల్లోంచే ఏడాదికి 7 లక్షల 20 వేలు వాళ్లకి తిరిగి ఇస్తూ పోతారు. 6 లక్షలకు నెలకు 12 వేలంటే నూటికి రెండు రూపాయల వడ్డీ. లాభంతో పని లేకుండా నెలనెలా ఇంత ఇస్తానని పదిమంది దగ్గర డబ్బు తీసుకుంటే దానికి మీరు ఫ్రాంచైజీ అని పేరు పెట్టినా, 2019 నాటి అనధికార డిపాజిట్ల నిషేధ చట్టం కిందికి రావచ్చు. అందులో జైలు శిక్షలున్నాయి. మీ మనసులో మోసం లేదని నాకు తెలుసు. కానీ ఆ కుటుంబాలు మీ లెక్కలు చూసి ఇవ్వడం లేదు, పక్క బెంచీలో కూర్చుంటారని ఇస్తున్నాయి. బయటివాడైతే పది ప్రశ్నలు అడిగేవాళ్లు. మిమ్మల్ని అడగడం లేదు గనుక ఆ ప్రశ్నలు మీరే వేసుకోవాలి.

పైగా వాళ్లకి మీరు ఏం అమ్ముతున్నారు? పేరా? బేతెస్ద అనే పేరు పెట్టుకున్న మందిరాలు, బడులు మన రెండు రాష్ట్రాల్లో లెక్కలేనన్ని. ట్రేడ్‌మార్క్‌కి దరఖాస్తు చేయొచ్చు, వ్యక్తులకి ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. కానీ అందరిదీ అయిన పేరు మీద ఒక్కరికి హక్కు దొరకడం కష్టం. అగరుబత్తులకి రామాయణం పేరు రిజిస్టరు చేయించుకోబోతే, పవిత్ర గ్రంథం పేరు ఒకరి సొత్తు కాదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ మేడ పేరో, మీ తమ్ముణ్ని ఇంట్లో పిలుచుకునే పేరో పెట్టుకుంటే అది మీదవుతుంది. పద్ధతి అమ్ముతారా? అది ఇంకా మీ ఒక్కరి చేతుల్లోనే ఉంది. మొదటి కోత మిర్చి కల్లానికి చేరకముందే అయిదు ఊళ్లలో బేరం కుదుర్చుకున్నట్టు ఉంది ఇది. రెండేళ్లు గుంటూరులో నడపండి. మీరు పది రోజులు ఊళ్లో లేకపోయినా జిమ్ సరిగ్గా నడిచిందంటే, అప్పుడు నేర్పడానికి ఒక పద్ధతి తయారైనట్టు. ఒంగోలులో ఉన్నవాళ్లకి నిజంగా ఆసక్తి ఉంటే మీ దగ్గరికి వచ్చి ఆరు నెలలు పనిచేసి నేర్చుకోమనండి. ఎంతమంది వస్తారో చూడండి.

మన దేశంలో ఫ్రాంచైజీలకి ప్రత్యేకంగా చట్టం లేదు, ప్రధానంగా 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. కాగితంలో ఏం రాసుకుంటే అదే. అందుకని ఆ రోజు వచ్చినప్పుడు మంచి వకీలు కావాలి. మేనమామగారి డబ్బుకి వస్తే, ఆయన భారత పౌరుడిగానే ఉండి తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీ సంస్థకి విరాళంగా ఇవ్వాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి. ముందు ఒక ఆడిటర్‌ని కలవండి. సంఘం ఖాతా, జిమ్ ఖాతా ఒకటి చేయకండి.

ఫీజు 2,500 అన్నారు. ఆంధ్రలో వికలాంగుల్లో ఎక్కువమందికి పింఛను ఇప్పుడు నెలకు 6,000. రానూపోనూ ఆటోకి 200 అనుకున్నా 12 రోజులకి 2,400. మీ ఫీజు కలిపితే పింఛను దాదాపు అయిపోయింది. ఫీజు తగ్గించమని నేను అడగడం లేదు, అద్దె ఎవరు కడతారు? మామూలు మనుషుల్ని కూడా చేర్చుకోమంటున్నాను. అన్నదమ్ములు, పక్కింటివాళ్లు, ముఖ్యంగా తల్లులు. ఎదిగిన బిడ్డని రోజుకు పదిసార్లు ఎత్తి దించే తల్లికి నడుము ఎలా ఉంటుందో నేను పనిచేసిన బడిలో ఇరవై ఏళ్లు చూశాను. పిల్లలు వ్యాయామం చేసే గంటలోనే పక్కన వాళ్లకీ ఒక బ్యాచి పెట్టండి. డబ్బు నిలబడుతుంది, గది కూడా అందరిదీ అవుతుంది. మీ తమ్ముణ్ని వద్దన్న ఓనరు చేసింది విడదీయడమే. ప్రేమతోనైనా సరే, మనం మళ్లీ విడదీసిన గది కట్టకూడదు.

ఇక చోటు గురించి. ఎంత తక్కువకు వచ్చినా మేడ మీది హాలు తీసుకోకండి. గ్రౌండ్ ఫ్లోరు, తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పు, గుమ్మం అడుగు ఎత్తుంటే 12 అడుగుల పొడవు ర్యాంపు. వీల్‌చెయిర్ వెనక్కి తిరగడానికి అయిదడుగుల చోటున్న బాత్రూము. ఇవి లేకుండా ఒక్క మెషిను కూడా కొనకండి.

బేతెస్ద కోనేటి పక్కన ఉన్న ఆ మనిషి, నన్ను నీళ్లలోకి దించడానికి ఎవరూ లేరన్నాడు. మెట్ల దగ్గర నుంచి వెనక్కి వెళ్లిపోయినావిడ ఎవరో కనుక్కున్నారా? ఆ ఆరు కుటుంబాల్లో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. ఈ ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లండి. ఆ అమ్మాయికి ఏం చేయాలని ఉందో అమ్మాయినే అడగండి. చోటు దొరికేదాకా వాళ్ల వరండాలోనే మొదలుపెట్టొచ్చు. మీ తమ్ముణ్ని కూడా వెంట తీసుకెళ్లండి.